కనకవ్వ బస్సు గోలీలు

కనకవ్వ నీళ్ళోసుకున్నదట.

భివండీ శాంతి నగర్‌లో ఆ మాట ముందుగా అన్నది తామేనని ఎవరూ ఒప్పుకోలేదు. నల్లా దగ్గర వినిపించింది, కండెల మిషన్ల దగ్గర వినిపించింది, చివరికి కిరాణా కొట్టులో బెల్లం తూకం వేయించుకుంటున్న కోడలు సోనాలి చెవిలోనూ పడింది. నలభై ఐదు దాటిన మనిషి. మొగుడు పోయి ఏళ్ళు గడిచిన మనిషి. పొద్దున లేస్తూనే మోరీ దగ్గర కూర్చుని కక్కుతోందట. కొంగున ఏవో గోలీలు ముడేసుకుని చాటుగా మింగుతోందట. చిన్న సీసా ఒకటి బియ్యం డబ్బా వెనక దాస్తోందట. ఇక ఆ మగవాడెవరో వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. కార్ఖానా విడిచాక నర్సింగం మిస్త్రీ ఆమె చేయి పట్టుకుని రోడ్డు దాటించడం నార్పోలి పేటలో సగంమంది చూశారు.

ఇందులో చూసి చెప్పిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. సోనాలిని భయపెట్టింది అదే. అత్త కక్కడం ఆమె కూడా విన్నది. గోలీలు ఆమె కూడా చూసింది. నర్సింగం చేయి పట్టుకుంటాడని ఆమెకూ తెలుసు. సీసాలో ఏముందో మాత్రం ఊళ్ళో వాళ్ళకు తెలియదు, ఆమెకు తెలుసు. ఆ ఒక్కటి బయటికి చెప్పనని పెళ్ళయిన కొత్తలోనే అత్త ఆమెతో ఒట్టు వేయించుకుంది.

సోనాలి ఆ ఇంటికి వచ్చి ఏడాది తిరగలేదు. పుట్టి పెరిగింది భివండీలోనే. మరాఠీ బడిలో ఏడో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే, తమ్ముళ్ళను చూసుకోవడానికి బడి మాన్పించారు. అప్పట్నుంచి ఆమెకు మాట తగ్గి చూపు పెరిగింది. పదిమందిలో నోరు తెరవాలంటే అరచేతుల్లో చెమట పట్టేది. "నీ మాటలు బ్యాంకుల ఏసుకుంటున్నవా బిడ్డా, వడ్డీ అస్తదని?" అని కనకవ్వ నవ్వేది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉండేది కాదు. అందుకే సోనాలికి అత్తంటే ఇష్టం. అందుకే ఆ మాట నిజమో కాదో అడగడానికి భయం.

కనకవ్వది సిరిసిల్ల దగ్గరి పల్లె. గాలయ్యను పెళ్ళి చేసుకుని భివండీకి వచ్చిన రోజు ఆమెకు వచ్చిన హిందీ రెండే మాటలు, పానీ ఒకటి, బస్ ఒకటి. గాలయ్య నార్పోలిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఉండేది ఒక్క గది. మధ్యలో పాత చీర పరదా. అటువైపు ఇంకో కుటుంబం. పగటి పాళీవాళ్ళు లేచిన చాప మీదే రాత్రి పాళీవాళ్ళు పడుకునేవారు. గాలయ్య దగ్గుతో చిక్కిపోయి పోయినప్పుడు, ఊరికి తిరిగి రమ్మని అన్నలు కబురు పెట్టారు. ఆమె వెళ్ళలేదు. కొడుకు స్వప్నిల్‌ను బడికి పంపి, తాను కండెల మిషను దగ్గర కూర్చుంది.

సాంచాలో అడ్డంగా పరుగెత్తే నూలు చుట్టుకుని ఉండే సన్నటి కర్ర, అదే కండె. మిషను మీద వరుసగా తిరుగుతున్న కండెల్లో ఎక్కడ పోగు తెగినా, మిషను ఆపకుండానే కొస దొరకబుచ్చుకుని ముడి వేయాలి. కనకవ్వ ముడి వేసిన చోట వేలు పెట్టి చూసినా దొరకదని కార్ఖానా సేట్ అనేవాడు. ఆ వేళ్ళ పుణ్యానే ఆమె ఒక సంగతి ఎవరికీ తెలియకుండా దాచగలిగింది. ఆమె ఎడమకన్ను పోయి చాలా రోజులైంది.

అది ఒక్కసారిగా పోలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. అంచుల నుంచి మసక పాకుతూ వచ్చింది. మనిషి ఠాణా పట్టణంలోని కంటి ఆసుపత్రికి చేరేసరికి అందులో వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతోందని, లోపల ఒత్తిడి పెరిగి చూపును తినేస్తోందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. కుడికంటికీ ఆ దారి సన్నగానే ఉందట. దానికి ఆకుపచ్చ మూత ఉన్న చుక్కలు రాసింది. కంట్లో చిన్న రంధ్రం చేయించుకుంటే భయం ఉండదని కూడా చెప్పింది. కనకవ్వ చుక్కలకు ఒప్పుకుంది గానీ రంధ్రానికి ఒప్పుకోలేదు.

ఒంటికన్నుదని తెలిస్తే సేట్ మిషను మీద కూర్చోనివ్వడు. పెళ్ళిళ్ళకు బయలుదేరేవాళ్ళు ఎదురు రానివ్వరు. ఇంట్లో కొడుక్కి, కోడలికి, బయట నర్సింగానికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. నర్సింగం ఒకప్పుడు గాలయ్య పక్క సాంచాల మీద పనిచేసినవాడు. ఇప్పుడు సాంచాలు బాగుచేసే మిస్త్రీ. భార్య లేదు. ఆమెను వదినె అని పిలుస్తాడు. చుక్కలు వేసుకున్నాక కంటిపాప బాగా ముడుచుకుపోయి కనకవ్వకు సందెవేళ అంతా మసగ్గా ఉండేది. ఎడమవైపు నుంచి వచ్చే టెంపోలు అసలే కనబడవు. ఆయన చేయి పట్టుకునేది రోడ్డు దాటేదాకానే. దాటగానే వదిలేసి నాలుగడుగులు ముందు నడిచేవాడు. పుకారు పుట్టించిన వాళ్ళు పట్టుకోవడం చూశారు, వదిలేయడం చూడలేదు.

ఇక ఆ గోలీలు. భివండీ నుంచి సిరిసిల్లకు ప్రైవేటు బస్సు కళ్యాణ్ నాకా దగ్గర బయలుదేరేది. బస్సు కదలగానే క్లీనర్ సీట్ల మధ్య నడుస్తూ ఆడవాళ్ళకు తలా ఒక ప్లాస్టిక్ సంచి, ఒక నిమ్మకాయ, ఒక వాంతి గోలీ ఇచ్చేవాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు కడిగే బాధ తప్పుతుందని అతని లెక్క. వాడకట్టు వాళ్ళందరికీ సీట్లు మాట్లాడిపెట్టేది కనకవ్వే కాబట్టి, ఆమెకు మాత్రం గోలీల పత్తా, అట్టకు అట్టే, చేతిలో పెట్టేవాడు. ఆమె వాటిని కొంగున వక్క, తమాకుతోపాటు ముడేసుకునేది. ఎవరింట్లో ఎవరు ప్రయాణం కట్టినా రెండు విప్పి ఇచ్చేది. దాన్ని ఎవరూ మందు అనుకోలేదు. మందంటే డాక్టరు రాసేది, దవాఖానాలో ఇచ్చేది. బస్సు గోలీ అంటే మరమరాలు, నిమ్మకాయలాగా ప్రయాణం సామాను.

ఆ శ్రావణంలో అన్న మనవడి పుట్టువెంట్రుకలకని కనకవ్వ వేములవాడకు వెళ్ళి వచ్చింది. వచ్చేటప్పుడు దారి బాగాలేక రెండు గోలీలు వేసుకుందట. దిగింది మొదలు తల పగిలిపోతోందని కూర్చుంది. మర్నాడు పొద్దున వాంతి. ఆ మర్నాడూ వాంతి. బస్సు తిప్పుడు ఇంకా ఒంట్లోనే ఉందని, కొంగుముడి విప్పి ఇంకో గోలీ వేసుకుంది. దాంతో కొంచెం మత్తుగా ఉండి, వాంతి తగ్గినట్టే ఉండేది. మళ్ళీ మొదలయ్యేది.

పక్క గది పెంటవ్వ గోడకు చెవి ఆనించాల్సిన అవసరం లేదు, అక్కడి గోడలు అలాంటివి. కొన్నాళ్ళు విని, ఒకరోజు నల్లా దగ్గర బిందె పెడుతున్న సోనాలిని అడిగింది.

"ఏం పిల్లా, మీ అత్తకు పుల్లమామిడి దొర్కుతలేదా? ఈ కాలంల యాడ దొర్కుతది. మా ఇంట్ల చింతకాయ తొక్కున్నది, తీస్కపో."

వరుసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. సోనాలి బిందె సగం నిండగానే ఎత్తుకుంది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో కనకవ్వ నిలబడి ఉంది. ఆమె అంతా విన్నది.

విన్నాక ఎవరితోనూ దెబ్బలాడలేదు. నర్సింగాన్ని రోడ్డు దాటించవద్దంది. ఆ తర్వాత కార్ఖానా నుంచి గోడల పక్కగా, చేత్తో తడుముకుంటూ ఒక్కతే వచ్చేది. ఇంకొకటి కూడా నిశ్చయించుకుంది, జనం ముందు కక్కకూడదని. పొద్దున ఇల్లు దాటే ముందు ఒక గోలీ, సందెకు ఒక గోలీ. ఎప్పుడైనా కడుపులో తిప్పితే ఇంకొకటి. కోడలు చూడలేదనుకుని నీళ్ళ గ్లాసు వైపు తిరిగి మింగేది. కోడలు చూసేది.

స్వప్నిల్‌కు ఈ మాట సాంచాల మధ్య తెలిసింది. అక్కడ దడదడలో మాట వినబడదు కాబట్టి చేతులతో సైగలు చేస్తారు. ఎవడో పొట్ట మీద చేయి పెట్టి గుండ్రంగా చూపి నవ్వాడు. ఆ రోజు నుంచి అతను తల్లి వడ్డిస్తే ఆకలి లేదనేవాడు. ఆమె మిషను మీదికి పోయాక సోనాలి పెడితే తినేవాడు. ఒకసారి తింటూ తింటూ ఆగి, "నువ్వు ఇంట్లనే ఉంటవ్ గదా. నిజమేనా?" అని అడిగాడు.

సోనాలి తనకు తెలియదంది.

"దవాఖానకు తీస్కపోతే నలుగురికి తెలుస్తది. తీస్కపోకుంటె గూడ తెలుస్తది" అని కంచంలోనే చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు.

సోనాలి అబద్ధం చెప్పలేదు, ఆమెకు నిజంగానే తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే, అది కడుపు సంగతి కాదు, కంటి సంగతి. రోజూ అత్త తల ఒడిలో పెట్టుకుని చుక్కలు వేసేది ఆమే. చుక్క పడిన కాసేపటికి నల్లగుడ్డు మధ్యలోని చుక్క ఆవగింజంత అయిపోవడం కొత్తలో ఆమెకు వింతగా ఉండేది. వేములవాడ నుంచి వచ్చినప్పటి నుంచి అది అంత చిన్నది కావడం లేదు. ఒక్కోరోజు చుక్క వేశాక కూడా మిరియపు గింజంత నిలబడి ఉండేది. అత్తకు చెబితే, "ఇంకో చుక్క ఎయ్యి బిడ్డా, పాత సీస గావచ్చు" అంది. కొత్త సీసా తెచ్చారు. అదీ అంతే. కన్ను ఎర్రబడింది. బల్బు చుట్టూ సింగిడి కనబడుతోందని, ఏడు రంగులూ ఉన్నాయని కనకవ్వ ఒకసారి నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు సోనాలికి నచ్చలేదు. ఉన్నదే ఒక్క కన్ను. ఠాణా పోదామా అని అడిగితే, కనకవ్వ కొడుకు పడుకున్న వైపు చూసి, ఈ మాటలన్నీ సద్దుమణిగాక పోదామంది. ఇప్పుడు దవాఖానా మెట్లు ఎక్కితే ఏ దవాఖానా అని ఎవరూ చూడరు, ఎక్కిందని మాత్రం చూస్తారు.

బతుకమ్మ వచ్చింది. భివండీలోని మనవాళ్ళంతా సద్దుల బతుకమ్మకు వరాలా తలావ్ చెరువు దగ్గరికి చేరతారు. పోకుంటే ఇంకా ఎక్కువ అంటారని కనకవ్వ బయలుదేరింది. బయలుదేరే ముందు గోలీలు వేసుకుంది. ఎన్ని వేసుకుందో సోనాలి చూడలేకపోయింది, బతుకమ్మ పళ్ళెం చేతిలో ఉంది.

గట్టు మీద ట్యూబులైట్లు కట్టారు. బతుకమ్మలు మధ్యలో పెట్టి ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ చప్పట్లు వేస్తున్నారు. ఆ గుండ్రంలో కనకవ్వకు అటూ ఇటూ మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది. దగ్గరికి ఎవరూ జరగలేదు. సోనాలి ఒకవైపు ఖాళీలోకి జరిగి నిలబడింది. రెండోవైపు అలాగే ఉండిపోయింది. పాట జోరందుకుంది. వంగి చప్పట్లు కొడుతున్న కనకవ్వ వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఒక చేత్తో కన్ను మూసుకుంది. తర్వాత అక్కడే, అందరి ముందే, బతుకమ్మలకు రెండడుగుల దూరంలో కక్కేసింది.

ఆడవాళ్ళు చీరలు ఎత్తిపట్టుకుని వెనక్కి జరిగారు.

"నెల నిండినకొద్ది గట్లనే ఉంటది" అని పెంటవ్వ ఎవరితోనో అంది, పెద్దగా కాదు, వినబడేంత.

కనకవ్వ ఆ మాటకు తల తిప్పలేదు. సోనాలి చేయి వెతుక్కుని గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా అడిగింది.

"సోనాలీ, కరెంటు పోయిందా?"

నెత్తిమీద ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. మగవాళ్ళ గుంపులోంచి నర్సింగం రెండడుగులు ముందుకు వేసి, అందరి కళ్ళూ తన మీదే ఉండడం చూసి ఆగిపోయాడు. తర్వాత వెనక్కి తిరిగి రోడ్డు మీదికి వెళ్ళి ఆటో రిక్షా తెచ్చాడు. వాళ్ళిద్దరినీ వెనక ఎక్కించి, తాను డ్రైవరు పక్కన చెక్క మీద ఒదిగి కూర్చున్నాడు.

శాంతి నగర్ చిన్న దవాఖానాలో డాక్టరు దగ్గర జనం బాగా ఉన్నారు. ఏమైందంటే వాంతులన్నారు, తలనొప్పన్నారు. ఏమైనా మందులు వాడుతోందా అని ఆయన హిందీలో అడిగాడు. కనకవ్వ లేదంది. చుక్కలు కంట్లో వేసుకునేవి, అవి కంట్లోనే ఉంటాయి, వాంతికీ వాటికీ ఏం సంబంధమని ఆమె ఆలోచన. గోలీల సంగతి ఆమెకు గుర్తుకు కూడా రాలేదు. గుర్తొచ్చినా ఆ బల్ల చుట్టూ నిలబడ్డ శాంతి నగర్ ముందు చెప్పేది కాదు. సోనాలి పక్కనే ఉంది. ఒట్టు గుర్తొచ్చింది. డాక్టరు వాంతులు ఆగడానికి సూది వేసి పంపించాడు. వాంతి ఆగింది, మత్తు వచ్చింది. నొప్పి మాత్రం మత్తులోనూ ఆమెను మూలిగించింది.

తెల్లవారాక సోనాలి చుక్కలు వేయబోయి ఆగింది. నల్లగుడ్డు మీద ఆవిరి పట్టిన అద్దంలా ఒక పొర. మధ్యలో చుక్క పెద్దదై, కదలకుండా ఉంది. ముఖం ముందు చేయి ఊపితే అత్త కన్ను దాని వెంట పోలేదు.

"పొద్దెక్కిందా?" అని అడిగింది కనకవ్వ.

రాత్రి పాళీ ముగించుకుని అప్పుడే వచ్చిన స్వప్నిల్ చొక్కా మీద దూది ఇంకా అలాగే ఉంది. సోనాలి అతనికి ఎదురుగా వెళ్ళి, అత్తను ఇప్పుడే దవాఖానకు తీసుకుపోవాలంది. అతను చాలాసేపు నేల చూసి, "ఏ దవాఖానకు?" అన్నాడు.

"కంటి దవాఖానకు."

అతను ఒక్కసారి లోపలికి వెళ్ళి తల్లి ముఖం చూశాడు. చాలా రోజుల తర్వాత చూశాడు. బయటికి వచ్చి రిక్షాకు పరుగెత్తాడు.

ఠాణా ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మే ఉంది. కనకవ్వ రెప్ప మూయించి వేలితో నొక్కి చూసి, వెంటనే నర్సును పిలిచింది. కన్ను పిల్లలాడే గోలీలా గట్టిపడి ఉందని సోనాలితో మరాఠీలో చెప్పింది. చుక్కలు మానేశారా అని అడిగింది. మానలేదని, ఇంకా ఎక్కువే వేశామని సోనాలి చెప్పింది. మరి ఈ కంటిపాప ఎందుకు ముడుచుకోలేదని డాక్టరమ్మ తనలో తానే అనుకుని, వేరే మందులేమైనా వాడుతున్నారా, అడుగు అంది.

సోనాలి అత్తను తెలుగులో అడిగింది.

"ఏం లెవ్వు. చుక్కలే" అంది కనకవ్వ.

సోనాలి దాన్ని మరాఠీలోకి మార్చి, లేవంది. డాక్టరమ్మ నర్సుకు ఏదో చెబుతూ అవతలికి తిరిగింది. అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు అందించడమే ఇప్పటిదాకా సోనాలి పని. అత్త లేదంటే లేదనాలి. కోడలు అత్త మాటను కాదని పరాయి మనిషి ముందు ఎట్లా అంటుంది? పైగా ఆ గోలీలు ఏ గోలీలో ఆమెకే తెలియదు. అన్నీ బస్సు గోలీలేనా? వాటిలో పెంటవ్వ చెప్పేలాంటివి కూడా ఉంటే? ఇప్పుడు నోరు తెరిస్తే అత్త పరువు భర్త ఎదురుగానే పోతుంది. తెరవకపోతే కన్ను పోతుంది. అరచేతులు చీరకు తుడుచుకుంది. మళ్ళీ తడిశాయి.

డాక్టరమ్మ తలుపు దాకా వెళ్ళింది.

"గోలీలు మింగుతది" అంది సోనాలి. కంగారులో తెలుగులో అంది. మళ్ళీ మరాఠీలో అంది. "బస్సులో వాంతికి వేసుకునే గోలీలు. రోజూ మింగుతుంది. కంట్లో నల్ల చుక్క అప్పట్నుంచే చిన్నది కావడం లేదు."

డాక్టరమ్మ వెనక్కి వచ్చింది. చూపించమంది.

అవి కనకవ్వ కొంగున ఉన్నాయి. కనకవ్వ కదలలేదు. సోనాలి వంగి, అత్త కొంగు తన చేతిలోకి తీసుకుని ముడి విప్పింది. వక్క ముక్కలు కింద పడ్డాయి. తమాకు రాలింది. మిగిలిన పత్తా డాక్టరమ్మ చేతిలో పెట్టింది. అందరికీ బస్సులో ఇచ్చేదే. వేరేది ఏదీ లేదు.

డాక్టరమ్మ దాని వెనక రాసింది చదివింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని సోనాలికి అర్థమయ్యేలా చెప్పింది. చుక్కలు కంటిపాపను ముడిచి, నీరు పోయే దారిని తెరిచి ఉంచుతాయి. ఈ గోలీ వాంతిని ఆపుతుంది గానీ పాపను విప్పారుస్తుంది. మామూలు కంటికి ఏమీ కాదు. ఈమె కంటికి దారి ముందే సన్నం. చుక్కలు ఒకవైపు గుంజుతుంటే గోలీ రెండోవైపు గుంజింది, దారి మూసుకుపోయింది. సరే, బస్సులో వేసుకుంది అనుకుందాం, రోజూ ఎందుకు వేసుకుందని అడిగింది.

సోనాలి ఈ ప్రశ్నను అత్తకు తెలుగులో చెప్పలేకపోయింది. స్వప్నిల్ గోడ వైపు తిరిగాడు. ఆ నిశ్శబ్దం ఏమిటో కనకవ్వకు ఏ భాషా అవసరం లేకుండానే తెలిసింది.

"చెప్పు బిడ్డా" అంది. "వాంతి నలుగురి ముందట పడకుండ మింగిన అని చెప్పు. నలుగురు ఏమంటుండ్రో గది గూడ చెప్పు. నాకు సిగ్గు లేదు ఇప్పుడు. కన్ను కావాలె."

సోనాలి చెప్పింది. చెబుతుంటే గొంతు సన్నబడి సన్నబడి చివరి మాట దాదాపు వినబడలేదు. డాక్టరమ్మకు మాత్రం వినబడింది. కంట్లో ఒత్తిడి పెరిగితే తలనొప్పీ వాంతులూ వస్తాయని, చాలామంది దాన్ని కడుపు జబ్బే అనుకుంటారని చెప్పింది. మొదటి రోజు బస్సు వాంతి కావచ్చు. ఆ తర్వాత వచ్చినవన్నీ కంటి వాంతులే. వాటిని ఆపడానికి మింగిన ప్రతి గోలీ ఇంకో వాంతిని తెచ్చింది. రాత్రి వేసిన సూది కూడా ఆ కోవలోదే అయి ఉండొచ్చు. చుక్కల సంగతి చెప్పకపోతే ఆ డాక్టరుకు మాత్రం ఎలా తెలుస్తుందని అంది.

స్వప్నిల్ గోడ వైపే ఉండి, చేతి వెనకతో ముక్కు తుడుచుకున్నాడు.

నరానికి సీసా ఎక్కించారు. గొంతు పట్టేసేంత తియ్యటి నీళ్ళేవో తాగించారు. మాటిమాటికీ చుక్కలు వేశారు. డాక్టరమ్మ వచ్చి కన్ను నొక్కి చూసి వెళ్ళేది. ఆమె ముఖంలో ఏదైనా కనబడుతుందేమోనని సోనాలి ప్రతిసారీ చూసేది. మధ్యాహ్నం దాకా ఏమీ కనబడలేదు. నర్సింగం కార్ఖానా వదిలేసి వచ్చాడు గానీ లోపలికి రాలేదు. గేటు దగ్గర బీడీ వెలిగించకుండానే చేతిలో పట్టుకుని నిలబడ్డాడని, చాయ్‌కి బయటికి వెళ్ళిన స్వప్నిల్ వచ్చి చెప్పాడు. తర్వాత అతనే మళ్ళీ వెళ్ళి ఆయన్ను లోపలికి పిలుచుకొచ్చాడు.

"కన్ను ఎట్లున్నది వదినె?" అని అడిగాడు నర్సింగం, గుమ్మం దాటకుండా.

కనకవ్వ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, "నీ తలకాయ తెల్లగైందా, లేకుంటె నాకే గట్ల కనవడుతందా?" అంది.

సోనాలి మంచం పట్టె పట్టుకుంది. అత్తకు కనబడుతోంది. మసగ్గానే, పొగలో చూసినట్టే, కానీ కనబడుతోంది.

సాయంత్రం డాక్టరమ్మ మళ్ళీ చూసింది. ఒత్తిడి దిగిందంది. అంచుల్లో కొంత చూపు పోయిందని, పోయింది తిరిగి రాదని, మధ్యలో ఉన్నది నిలుస్తుందని చెప్పింది. రేపే రంధ్రం చేయాలి, ఈసారి వద్దంటే వినను అంది. కనకవ్వ వద్దనలేదు. మిషను మీద ముడి వేయడానికి మధ్యలో చూపు చాలదా అని మాత్రం అడిగించింది. చాలునని డాక్టరమ్మ అంది.

మర్నాడు రంధ్రం చేసే గదిలోకి తీసుకుపోయే ముందు డాక్టరమ్మ కొన్ని సంగతులు అడిగింది. చక్కెర జబ్బు ఉందా, ఆయాసం ఉందా అని. సోనాలి ఒక్కొక్కటే అత్తను అడిగి చెప్పింది. ఇప్పుడు ఆమె గొంతు వణకడం లేదు. స్వప్నిల్ మంచం అవతల నిలబడి తల్లి చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. ఇంతకుముందు ఎప్పుడైనా ఏదైనా ఆపరేషన్ అయిందా అని డాక్టరమ్మ అడిగింది. సోనాలి అత్తను అడగకుండానే లేదని తల ఊపింది.

"ఏమడుగుతంది?" అంది కనకవ్వ.

సోనాలి చెప్పింది.

"అయింది. కరీంనగర్‌ల. మీ మామ ఉన్నప్పుడే. రక్తం ఆగకపోయేది నాకు. గర్భసంచి తీసేసిండ్రు."

అప్పటికి స్వప్నిల్ ఇంకా బడిలోనే చేరలేదు.